అరువుకొచ్చిన ఉపగ్రహం వెళ్లిపోయింది, ఓపెన్ యూనివర్సిటీ మిగిలింది

పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మన గూడేల్లో ప్రతి ఏడాదీ వినే మాట ఒకటుంది. "టెన్త్ పోయింది, ఇంక చదువెందుకు, మిరపకాయల కోతకి పోతా." పోతాడు. పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు. పదేళ్లయ్యాక అదే మనిషి మెల్లగా అడుగుతాడు, "అన్నా, డిస్టెన్స్‌లో కట్టొచ్చా?" అని. ఈ డిస్టెన్స్ చదువు మనదాకా ఎట్లా వచ్చిందో చాలామందికి తెలీదు. దాని వెనక వేరే దేశాల చెయ్యి కూడా ఉంది. రెండు కథలు చెప్తాను. ఒకటి యంత్రం కథ, ఇంకోటి పద్ధతి కథ.

మొదటిది 1975 నాటిది. అప్పటికి మన దేశానికి సొంత ప్రసార ఉపగ్రహం లేదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దగ్గర ఏటీఎస్-6 అనే ఉపగ్రహం ఉంది. దాన్ని ఒక సంవత్సరం మనకి వాడుకోనివ్వడానికి 1969లోనే ఒప్పందం కుదిరింది. మన తరఫున దాని వెనక ఉన్నది విక్రమ్ సారాభాయ్. అది మొదలయ్యేసరికి ఆయన లేరు, 1971లోనే చనిపోయారు. నాసా ఉపగ్రహాన్ని ఆఫ్రికా పైకి, మన దేశానికి కనిపించే చోటుకి జరిపింది. 1975 ఆగస్టు 1న ప్రసారాలు మొదలయ్యాయి. ఆ కార్యక్రమం పేరు సైట్.

ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లు. అందులో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఊరికో టీవీ సెట్, దానికి కోళ్లగూటికి కట్టే జాలీలాంటి వైరుతో చేసిన మూడు మీటర్ల గొడుగు. కరెంటు లేని చోట బ్యాటరీలు. పొద్దున బడిపిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దలకి వ్యవసాయం, ఆరోగ్యం. ఉపగ్రహం అమెరికాది, కానీ కింద గ్రౌండ్ స్టేషన్లు, ఊళ్లలో సెట్ల పని చూసుకుంది ఇస్రో. కార్యక్రమాల్లో ఎక్కువ భాగం తయారుచేసింది ఆకాశవాణి వాళ్లు.

సరిగ్గా ఏడాదికి, 1976 జులై 31న, ప్రసారం ఆగింది. ఒప్పందం అంతవరకే. ఉపగ్రహాన్ని వెనక్కి జరుపుకున్నారు. తర్వాత కొన్ని ఊళ్లకి నేలమీది ట్రాన్స్‌మిటర్లు పెట్టి మళ్లీ అందించారు గానీ, అన్నిటికీ కాదు. నిన్నటిదాకా బొమ్మ వచ్చిన పెట్టె ఇవాళ రాకపోతే ఆ ఊరి పిల్లలకి ఎట్లా ఉంటుందో ఆలోచించండి.

సైట్ దండగ అని నేననను. ఉపగ్రహంతో పాఠం ఎట్లా చెప్పాలో మనవాళ్లు అందులోనే నేర్చుకున్నారు. 1983లో ఇన్సాట్-1బి ఎగిరింది, 1984 ఆగస్టులో యూజీసీ టీవీ పాఠాలు మొదలయ్యాయి. అరువు సామాను వెళ్లిపోయినా నేర్చుకున్న పని చేతిలో ఉంది.

ఇప్పుడు రెండో కథ. 1963లో బ్రిటన్‌లో హెరాల్డ్ విల్సన్ అనే నాయకుడు రేడియో, టీవీలతో నడిచే విశ్వవిద్యాలయం కావాలన్నాడు. అతను ప్రధాని అయ్యాక ఆ పని మంత్రి జెన్నీ లీకి అప్పజెప్పాడు. ఆమె స్కాట్లండ్‌లో బొగ్గుగని కార్మికుడి కూతురు. పేదలకి చవకబారు చదువు అంటే ఒప్పుకోలేదు, మిగతా యూనివర్సిటీల డిగ్రీకి సమానమైన డిగ్రీ ఉండాల్సిందేనని పట్టుబట్టింది. 1969లో ఓపెన్ యూనివర్సిటీ పుట్టింది, 1971లో పాఠాలు మొదలయ్యాయి. చేరడానికి ముందు చదువు ఏదీ అడగలేదు. పాఠం ఇంటికి వస్తుంది, చెప్పే మాస్టారు దగ్గరలోని స్టడీ సెంటర్‌లో ఉంటాడు.

ఆ నమూనాని చూసి మనవాళ్లు 1982లో హైదరాబాద్‌లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు. దేశంలోనే మొదటిది. మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామ్‌రెడ్డి గారు. పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసిన మనిషి కాబట్టి ఊరంటే ఏంటో ఆయనకి తెలుసు. బ్రిటన్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించలేదు. పుస్తకాలు తెలుగులో రాయించారు. ఉన్న కాలేజీల్లోనే స్టడీ సెంటర్లు తెరిచారు. ఇంటర్ లేనోళ్లకి అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలోకి తీసుకున్నారు. కూలికి పోయేటోళ్లు, కండక్టర్లు, పెళ్లయిన ఆడబిడ్డలు ఆ తలుపులోంచే లోపలికి వచ్చారు. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు.

1985లో ఢిల్లీలో ఇగ్నో వస్తే దానికి కూడా రామ్‌రెడ్డి గారే మొదటి వైస్ ఛాన్సలర్. కామన్వెల్త్ దేశాలు కలిసి 1988లో కెనడాలోని వాంకూవర్‌లో కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్ అనే సంస్థ పెట్టుకున్నాయి. దూరవిద్యలో ఒక దేశం అనుభవం ఇంకో దేశానికి అందించడమే దాని పని. రామ్‌రెడ్డి గారు అక్కడా పనిచేశారు. బయటినుంచి నేర్చుకున్న మనం మిగతా దేశాలకి చెప్పే స్థితికి వచ్చాం అన్నమాట.

రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. యంత్రం ఇస్తే తీసుకెళ్లొచ్చు. పద్ధతి నేర్చుకుని మన భాషలో, మన మనుషులతో నిలబెట్టుకుంటే దాన్ని ఎవరూ వెనక్కి జరుపుకోలేరు.

కానీ ఇక్కడే మన ప్రశ్న ఉంది. సైట్ ప్రసారాలు హిందీ, ఒడియా, తెలుగు, కన్నడ భాషల్లో వచ్చాయి. కోయ, గోండి, సవర, కువి అందులో లేవు. ఓపెన్ యూనివర్సిటీ పుస్తకం తెలుగులో ఉంది, మన అమ్మ మాటలో లేదు. "మన భాషలో" అని పైన నేను రాసిన మాట మనవరకు సగమే నిజం. ఇప్పుడు గుట్టెక్కితే సిగ్నల్ దొరుకుతోంది, ఫోన్‌లో పాఠాలు ఉన్నాయి. అది కూడా అరువు ఉపగ్రహంలాంటిదే, రీఛార్జ్ అయిపోతే ఆగిపోతుంది.

మిగిలిన సగం మనమే చెయ్యాలి. డిగ్రీ అయినోళ్లు ఆదివారం ఒక పూట గూడెంలో కూచుని, ఆ తెలుగు పాఠాన్ని మన మాటలో విప్పి చెప్పినా చాలు, అదే మన స్టడీ సెంటర్. టెన్త్, ఇంటర్ ఆగిపోయినోళ్లకి ఓపెన్ స్కూల్ ఉంది. చేరే రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఈ ఏడాది నోటిఫికేషన్ చూసి కట్టించండి.

మీ గూడెంలో చదువు మధ్యలో ఆపినోళ్లు ఎంతమంది ఉన్నారో లెక్క రాసి కామెంట్‌లో పెట్టండి. అక్కడినుంచి మొదలుపెడదాం.

జోహార్.