ఖూంటీ విరిగిన రోజు కమాన్ గుర్తొచ్చింది

అమ్మీ వాకర్‌కి మందుల సంచి తగిలించుకోవడానికి మా భాంజా ఒక ఖూంటీ ప్రింట్ చేసి తెచ్చాడు. రెజిన్ ప్రింటర్ పని. ఏం నఫాసత్! పాలరాయిలా నున్నగా ఉంది. నాలుగో రోజు మొదట్లోకి ఫట్‌మని విరిగింది. వంగలేదు, సాగలేదు, ముందుగా ఖబర్ కూడా ఇవ్వలేదు. సంచిలోని ఇన్సులిన్ సీసా పగిలి నేలపాలైంది.

"రెజిన్‌లో ఫైబర్ కలిపి మళ్లీ చేస్తా మామూ" అన్నాడు వాడు. కలుపు సరే, ఎక్కడ పెడతావు అని అడిగాను. ఈ సవాల్ కమాన్‌గర్‌ల నుంచి ఎరువు తెచ్చుకున్నాను.

కమాన్ అంటే విల్లు. మన చార్ కమాన్‌లో ఉన్నదీ ఆ మాటే, అక్కడ వంపు తిరిగిన తోరణానికి అన్నారు. తుర్కులు, మొఘలులు వాడిన కమాన్ ఒక్క కట్టెతో చేసింది కాదు. నడుమ సన్నని కట్టె, విలుకాడి వైపు కొమ్ము బద్ద, అవతలి వైపు జంతువు కాలి నరాలు. ఆ నరాలను ఎండబెట్టి, దంచి, పోగులు పోగులుగా విడదీసి, సరేసులో ముంచి పొడవునా పరిచేవారు. మన వడ్రంగులు వాడిన సరేసే, తోలు, నరాలు ఉడికించి తీసిన జిగురు. తాడు లాగినప్పుడు లోపలి వైపు నొక్కుకుపోతుంది, అక్కడ కొమ్ము తట్టుకుంటుంది. బయటి వైపు సాగుతుంది, అక్కడ నరం పట్టి ఉంచుతుంది. ఉత్త సరేసు ఎండితే గాజులా చిట్లుతుంది, ఉత్త నరం దారంలా వేలాడుతుంది. రెండూ కలిసి, సరైన చోట కుదిరితేనే కమాన్. అది పూర్తిగా ఆరడానికే నెలలు పట్టేది. సబర్ లేనివాడికి ఆ హునర్ అబ్బదు.

వానాకాలం దానికి దుష్మన్. తేమకి సరేసు మెత్తబడుతుంది. అందుకే పైన చెట్టు బెరడు చుట్టి, వార్నిష్ పూసేవారు. మన దేశంలో ఉక్కు కమాన్‌లు కూడా చేయించారు. బాణం అంత జోరుగా పోకపోయినా సిలాఖానాలో పాడవకుండా ఉండేవి.

జిగురుకి పోగు తోడివ్వడం కమాన్ కంటే పాత సంగతి. మట్టి గోడకి గడ్డి కలిపిన మన ఊరి మేస్త్రీకి తెలుసు. తౌరాత్‌లో మూసా అలైహిస్సలాం కిస్సా ఉంది కదా, అందులో ఫిరౌన్ ఇటుకల కూలీలకు గడ్డి ఇవ్వడం ఆపేస్తాడు. గడ్డి మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదంటాడు. గడ్డి లేని ఇటుక ఎంత కష్టమో జాలిమ్‌కి కూడా తెలుసన్నమాట.

ఇలా ఎందుకవుతుందో లెక్క కట్టి చూపింది 1920లో ఇంగ్లండ్‌కు చెందిన గ్రిఫిత్. గాజు బలహీనత దాని మీది కనిపించని పగుళ్లలో ఉందన్నాడు. గాజును ఎంత సన్నగా తీస్తే అంత గట్టిపడుతుందని తన ప్రయోగాల్లో చూశాడు. 1932లో అమెరికాలో డేల్ క్లైస్ట్ గాజు దిమ్మెలు అతికించబోతుంటే గాలి ధార తగిలి కరిగిన గాజు పోగులుగా చెదిరింది. గాజు పోగులు కార్ఖానాలో చౌకగా తీసే దారి అలా ఇత్తెఫాక్‌గా దొరికింది. మనకి దారమూ గాజూ అంటే మాంజానే గుర్తొస్తుంది, ఇక్కడ గాజే దారమైంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పోగుల్ని రెజిన్‌లో తడిపి విమానాల రాడార్లకు టోపీలు చేశారు, రేడియో తరంగాలు వాటిలోంచి దూరిపోతాయని. 1953లో షెవర్లే కార్వెట్ కారు ఒళ్లంతా అదే.

1983లో చక్ హల్ అతినీలలోహిత కాంతితో ద్రవ రెజిన్‌ని పొరలు పొరలుగా గట్టిపరిచి చిన్న కప్పు చేశాడు. 1986లో పేటెంట్ వచ్చింది. ఆకారం ఎంత నాజూగ్గానైనా వస్తుంది. కానీ ఈ దారిలో కమాన్‌గర్ పాఠం తప్పిపోయింది. ఇక్కడ రెజిన్ ఒంటరిది. తరిగిన గాజు పోగులు కలిపితే తొట్టి అడుక్కి దిగుతాయి, ద్రవం చిక్కబడుతుంది. కార్బన్ పోగులైతే నల్లగా కాంతినే ఆపేస్తాయి, కింద రెజిన్ పచ్చిగా మిగులుతుంది. పొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అందులో పోగు పడుకోగలదు తప్ప నిలబడలేదు. పొరకీ పొరకీ మధ్య కుట్టు పడదు. మా ఖూంటీ విరిగింది సరిగ్గా ఆ కుట్టు లేని చోటే.

కాబట్టి కలపడం మానేశాం. సంచి బరువుకి ఖూంటీ పై వైపు సాగుతుంది. అక్కడ మొదలు నుంచి కొస దాకా సన్నని గాడి వదిలి మళ్లీ ప్రింట్ చేశాడు. గాడి మొదట్లో దిమ్మె లోపలిదాకా పోవాలని నేను జిద్దు చేశాను, లేకపోతే పోగు పట్టు దొరకదు. చేతికి తొడుగులు వేసుకుని, గాజు పోగుల పాయని అదే రెజిన్‌లో తడిపి, బిగువుగా పరిచి, దీపం కింద గట్టిపరిచాడు.

నఫాసత్ పోయింది. పైన వంకరగా ఒక గీత కనిపిస్తోంది. సంచి మాత్రం రెండు నెలలుగా దానికే వేలాడుతోంది. "ఈ మచ్చ ఏంట్రా?" అని అమ్మీ అడిగితే వాడు చెప్పాడు: "మచ్చ కాదు నానీ, నరం."