గుండె పరీక్ష – నొప్పి నివారణ

చిట్యాలనుండి గుండె పరీక్షకై వరంగల్లు ఆసుపత్రికి బయలుదేరు రోగిని జబ్బుకంటె ముందు భయము బాధించును. “గుండెలోనికి గొట్టము పంపెదరట, ఎంత నొప్పియో!” అని ఇంటిల్లిపాదియు దిగులుపడుదురు. ఆ భయమునకు సమాధానము చరిత్రలో కలదు. అందు కొంత భాగము మన హైదరాబాదునకు చెందినది.

1847 నుండి శస్త్రచికిత్సలలో నొప్పి తెలియకుండ క్లోరోఫారము వాడుచు వచ్చిరి. కాని కొందరు రోగులు బల్లమీదనే ప్రాణములు విడిచెడివారు. ముందు ఆగునది గుండెయా, ఊపిరియా అను వివాదము పుట్టినది. ఊపిరియే అని హైదరాబాదు వైద్య పాఠశాలాధిపతి డాక్టరు ఎడ్వర్డు లారీ వాదించిరి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వ ఆదరణలో 1888, 1889 సంవత్సరములలో రెండు సంఘములు జంతువులపై పరీక్షలు జరిపినవి. రెండవదానికి లండనునుండి డాక్టరు లాడర్ బ్రంటన్ విచ్చేసిరి. ఊపిరిని కనిపెట్టియున్న చాలునని వారు తీర్మానించిరి. ఆ కాలముననే హైదరాబాదులో రూపాబాయి ఫర్దూన్జీ మత్తు ఇచ్చుటలో నేర్పు గడించి, ఈ వైద్యమున తొలి మహిళలలో ఒకరుగా పేరొందిరి.

తీర్మానము పూర్తిగా నిలువలేదు. క్లోరోఫారము మత్తు తేలికగా ఉన్నప్పుడు గుండెయే లయ తప్పి హఠాత్తుగా ఆగవచ్చునని 1911లో లెవీ పిల్లులపై పరీక్షించి చూపెను. అయినను ఊపిరిని క్షణక్షణము గమనింపవలెనను హైదరాబాదు పాఠము నేటికిని చెల్లుచున్నది.

దేహమంతటికి మత్తు ఈయక, కోయుచోటనే తిమ్మిరి కలిగించు మార్గము వేరొకటి. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కంటికి కొకెయిన్ వాడి దీనికి దారితీసెను. 1929లో జర్మనీలో వెర్నర్ ఫోర్స్‌మన్ అను యువవైద్యుడు తన మోచేతికే తిమ్మిరిమందు వేసికొని, సిరలో సన్నని గొట్టము దూర్చి 65 సెంటీమీటర్లు నెట్టి, ఎక్స్‌రే గదికి నడచిపోయి, అది గుండెకు చేరినదని చూపెను. 1956లో ఆయనకు మరి ఇరువురితో నోబెల్ బహుమతి లభించినది. నేడు సర్వత్ర వాడు లిగ్నోకెయిన్‌ను 1943లో స్వీడనులో లోఫ్‌గ్రెన్ తయారుచేసెను.

రక్తనాళముల లోపలి పొరకు నొప్పి తెలియుట బహు స్వల్పము. కావున గొట్టము సాగునప్పుడు రోగికి సాధారణముగా బాధ ఉండదు. ఆరంభమున సూదిపోటు, రంగుమందు ఎక్కించునప్పుడు ఒక వెచ్చదనము తెలియును. మణికట్టు ధమని బిగిసికొన్నచో నొప్పి పుట్టును. దానిని సడలించు మందులు కలవు.

పూర్వము తొడమొదటినుండి గొట్టము పంపి, పిదప గంటల తరబడి కాలు కదలనీయక వెల్లకిల పరుండబెట్టెడివారు. నడుమునొప్పియే అప్పుడు పెద్ద బాధ. 1989లో కెనడాలో లూసియన్ కాంపో మణికట్టు మార్గము చూపిన పిదప, రోగి త్వరలోనే లేచి కూర్చుండుటకు వీలైనది. అందరికిని ఈ మార్గము కుదరదు. నిర్ణయము వైద్యునిదే.

రోగి చేయదగినది ఒకటి కలదు. నొప్పి కలిగినచో ఓర్చుకొనుట ధైర్యమని ఎంచక వెంటనే చెప్పవలెను. పరీక్ష తరువాత రొమ్ములో నొప్పియో, గాయముచోట వాపో, రక్తస్రావమో కలిగినచో ఆలసింపరాదు. ఆనాటి వైద్యులు ఊపిరిని కనిపెట్టిరి. నేటి వైద్యునకు రోగి మాటయు ఒక గుర్తే.