మామగారి ముందు రెండోసారి

1810. ఫ్రాన్స్‌లోని రాన్స్ పట్టణం. నాలుగేళ్ల ఒప్పందం ముగిసింది. భాగస్వామి లెక్కలు తేల్చుకుని తప్పుకున్నాడు. 32 ఏళ్ల బార్బ్ నికోల్ మళ్లీ మామగారి దగ్గరికి వచ్చింది, డబ్బు అడగడానికి.

మొదటిసారి ఇచ్చిన డబ్బు ఏమైందో ఆయనకు తెలుసు. ఆమెకు ఇంకా బాగా తెలుసు. వ్యాపారం చేతికి తీసుకున్న రోజున ఎంత చితికిపోయి ఉందో, నాలుగేళ్ల తర్వాతా అలాగే ఉంది. అప్పుడు భర్త పోయిన దుఃఖం ఉంది, కోడలి మీద జాలి ఉంది, చేసి చూద్దామన్న ఆశ ఉంది. ఇప్పుడు అవేవీ అక్కరకు రావు. చేసి చూసింది, కలిసి రాలేదు. ఆ మాట పెట్టుబడి పెట్టిన మనిషి ఎదుటే ఒప్పుకుని, మరోసారి ఇవ్వండి అని అడగాలి.

ఈ కథలో నన్ను పట్టి నిలబెట్టేది ఆ రెండోసారి అడగడమే. అసలు అంతవరకూ ఎలా వచ్చిందో చెబుతాను.

బార్బ్ నికోల్ పుట్టింది 1777 డిసెంబరులో. తండ్రి నికొలా పోంసార్దాఁ ఆ ఊళ్లో పేరున్న బట్టల మిల్లు యజమాని. విప్లవం రోజుల్లో ఫ్రాన్స్‌లో చర్చిలు మూతపడ్డాయి, పెళ్లి మంత్రాలు పైకి వినపడితే ప్రమాదం. అందుకే 1798లో ఆమెకూ ఫ్రాంస్వా క్లికోకూ పెళ్లి ఒక నేలమాళిగలో గుట్టుగా జరిగింది. ఆ తర్వాత ఆమె బతుకంతా నేలమాళిగల చుట్టూనే తిరగబోతోందని ఆ రోజు ఎవరూ అనుకుని ఉండరు.

మామగారు ఫిలిప్ క్లికోకు అసలు వ్యాపారం బట్టలు, వడ్డీ లావాదేవీలు. 1772లో ద్రాక్షసారా వ్యాపారం కూడా మొదలుపెట్టాడు గానీ అది ఆయనకు పక్క పనే. దాన్ని పెద్ద పని చేయాలనుకున్నది కొడుకు. ఫ్రాంస్వా ఆర్డర్ల కోసం దేశాలు తిరిగాడు, లూయీ బోన్ అనే మంచి మాటకారి ఏజెంటును కుదుర్చుకున్నాడు. తీరా 1805 అక్టోబరులో జ్వరం తగిలి కన్నుమూశాడు. ఆమెకు 27 ఏళ్లు. కూతురు క్లెమాంతిన్‌కు ఆరేళ్లు.

కొడుకు పోయిన తండ్రి చేతులెత్తేశాడు. ద్రాక్షసారా వ్యాపారం మూసేద్దామన్నాడు. అందులో తప్పేముంది? యుద్ధాల వల్ల సరుకు కదలడం లేదు. అమ్మిన చోట డబ్బు వసూలు కావడం లేదు. నడిపే మనిషి లేడు. ఎవరిని అడిగినా మూసేయమనే చెబుతారు.

కోడలు మాత్రం తన వాటాగా రావలసిన ఆస్తిని పణంగా పెడతానంది. మీరూ కొంత పెట్టుబడి పెట్టండి, నేను నడుపుతాను అంది. ఆ ఊళ్లో ఆ వర్గం ఆడవాళ్లు అప్పటికి వ్యాపారంలో కనిపించడం అరుదు. ఫిలిప్ క్లికో ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద. పని తెలిసినవాడి దగ్గర నేర్చుకోవాలి. అలెగ్జాండర్ ఫుర్నో అనే అనుభవం ఉన్న వ్యాపారి భాగస్వామిగా వచ్చాడు. 1806లో నాలుగేళ్లకు ఒప్పందం రాసుకున్నారు.

షాంపేన్ అంటే మనకు సినిమాల్లో బిరడా ఎగిరిపడి నురగ చిందే సీసా. ఆ నురగ వెనుక ఎంత నష్టం ఉండేదో తెలిస్తే ఆమె ఎత్తుకున్న బరువు అర్థమవుతుంది. ఒకసారి పులిసిన ద్రాక్షసారాకు కాస్త చక్కెర, ఈస్ట్ చేర్చి సీసాలో బిగించి బిరడా కొడతారు. లోపల అది మళ్లీ పులుస్తుంది. పుట్టిన వాయువుకు పోయే దారి ఉండదు. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడికి రెండు మూడు రెట్లు ఆ గాజు బుడ్డిలో ఉంటుంది. చక్కెర ఎంత వేస్తే ఎంత ఒత్తిడి పుడుతుందో లెక్కకట్టే పద్ధతి అప్పటికి లేదు. గాజు కూడా ఒక్క తీరుగా ఉండేది కాదు. ఎండాకాలం వస్తే నేలమాళిగలో సీసాలు పేలేవి. ఒకటి పేలితే దాని దెబ్బకు పక్కదీ పేలేది. గాజుపెంకులు కంట్లో గుచ్చుకోకుండా పనివాళ్లు మొహానికి ఇనప ముసుగులు కట్టుకుని లోపలికి దిగే రోజులవి.

పేలకుండా మిగిలిన సీసాలోనైనా సరుకు బాగుంటుందన్న నమ్మకం లేదు. పులియబెట్టిన ఈస్ట్ చచ్చి అడుగున మడ్డిగా పేరుకునేది. కాస్త కదిపితే చాలు, సీసా అంతా మసకబారేది. కొన్నిసార్లు బుడగలు మరీ లావుగా వచ్చి గ్లాసు అంచున నిలిచిపోయేవి. వాటిని కప్ప కళ్లు అనేవారు. కప్ప కళ్లు కనపడితే కొనేవాడు మొహం తిప్పుకునేవాడు.

ఇలాంటి సరుకును పట్టుకుని ఆమె పని మొదలుపెట్టింది. మొదటి ఏడాదే పెద్ద దెబ్బ. దాదాపు 50,000 సీసాలు ఆమ్‌స్టర్‌డామ్‌కు చేర్చారు, అక్కడి నుంచి ఓడల మీద ఉత్తర దేశాలకు పంపాలని. ఇంతలో బ్రిటిష్ నౌకాదళం ఓడరేవుల దారి మూసేసింది. సరుకు ముందుకు పోదు, వెనక్కి తెచ్చుకోవడానికి ఖర్చు తట్టుకోలేరు. గోదాములో ఆ వేడికి, ఆ నిల్వకు సరుకు పాడైపోయింది. ఆపైన నెపోలియన్ తన వంతుగా బ్రిటన్ సరుకు ఐరోపాలో దిగకుండా రేవులు కట్టేశాడు. ఇద్దరు బలవంతుల మధ్య నలిగిపోయింది ఇలాంటి చిన్న వ్యాపారులే. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

బోన్ ఊరూరా తిరిగి ఆర్డర్ల కోసం అడుగుతూనే ఉన్నాడు. యుద్ధంలో ఉన్న దేశాల్లో పండగలెక్కడివి, పండగ సారా ఎవరికి కావాలి? అలా నాలుగేళ్లు గడిచాయి. ఫుర్నో ఇక చాలన్నాడు.

ఆ 1810లోనే ఆమె మామగారి ముందుకు రెండోసారి వచ్చింది.

ఫిలిప్ క్లికో రెండోసారీ ఇచ్చాడు.

ఆ వయసులో, కొడుకు లేని ఇంట్లో, ఆయన ఏం చూసి ఇచ్చాడు? అమ్మకాలు చూసి కాదు, అమ్మకాలే లేవు. నాకు తోచేది ఒక్కటే. ఆ నాలుగేళ్లలో సరుకు నష్టపోయింది గానీ, ఆమెకు పని వచ్చింది. ఏ తోట కాపు ఏ పీపాలో కలపాలో, ఏ దేశం వాళ్లకు ఎంత తీపి నచ్చుతుందో, ఏ ఏజెంటు ఉత్తరాన్ని ఎంతవరకు నమ్మాలో ఆమెకు తెలుసు. ఆ పని నేర్చుకోమని షరతు పెట్టింది ఆయనే. పోయిన పెట్టుబడి ఆమె పని నేర్చుకోవడానికి కట్టిన ఫీజులాంటిదని ఆయన లెక్కవేసుకున్నాడనే నేను అనుకుంటాను. మన ఊళ్లలో కొట్టు పెట్టి నష్టపోయిన పిల్లలకు ఇంకోసారి చేయి అందించిన పెద్దలు ఎందరున్నారు? ఒక్కసారి తప్పితే జీవితాంతం ఎత్తిచూపే వాళ్లే ఎక్కువ.

ఈసారి భాగస్వామి లేడు. బోర్డు మీద పేరు మారింది: వెవ్ క్లికో పోంసార్దాఁ. ఫ్రెంచి భాషలో వెవ్ అంటే వితంతువు. భర్త ఇంటి పేరు, పుట్టింటి పేరు, వాటికి ముందు ఆ మాట.

ఆ మాట దగ్గర నేను ఆగకుండా ఉండలేను. మన భాషలో ఆ అర్థం వచ్చే మాట నేటికీ తిట్టు. కోపం వస్తే మగవాళ్లను కూడా దానితోనే తిడతారు. శుభకార్యానికి బయల్దేరుతుంటే ఎదురు రావద్దని మన ఇళ్లలో ఎందరు అత్తలను, పిన్నులను వెనక గదుల్లో కూర్చోబెట్టామో! ఆమె ఆ మాటనే దుకాణం పేరు చేసింది. దాని వెనుక చట్టం కూడా ఉంది. 1804 నాటి నెపోలియన్ పౌర చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి ఆస్తి లావాదేవీల్లో భర్త అనుమతి ఉండాలి.  వితంతువైతే ఎవరి సంతకం అడగకుండా వ్యాపారం చేయవచ్చు. ఆమె మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

మరుసటి ఏడాది, 1811లో, ఆకాశంలో పెద్ద తోకచుక్క కనిపించింది. నెలల తరబడి మామూలు కంటికే కనిపించింది. మన దగ్గరైతే అరిష్టమని శాంతులు చేయించేవారు. షాంపేన్ ప్రాంతంలో ఆ శరత్తులో ద్రాక్ష విరగకాసింది. అంత మంచి కాపు ఎన్నో ఏళ్లుగా లేదు. ఆ ఏటి సరుకు బిరడాల మీద చుక్క గుర్తు వేయించిందామె.

మంచి సరుకు ఉంది, అమ్మే చోటు లేదు. ఆమెకు కావలసిన బజారు రష్యా. అక్కడి దొరలకు షాంపేన్ గొంతు పట్టేంత తియ్యగా ఉండాలి, ఖరీదుకు వెనకాడరు. కానీ సీసాల్లో వచ్చే ఫ్రెంచి ద్రాక్షసారా దిగుమతిని జార్ చక్రవర్తి నిషేధించాడు. పీపాల్లో పంపితే నురగ నిలవదు. 1812లో నెపోలియన్ లక్షల సైన్యంతో రష్యా మీదికే దండెత్తాడు. కొనేవాళ్ల దేశం మీదికి తన దేశం యుద్ధానికి పోయింది. ఆమె చేయగలిగింది నేలమాళిగలో సరుకు కాపాడుకోవడం, జీతాలకు తంటాలు పడటం, అంతే.

1814 మొదట్లో యుద్ధం ఆమె గుమ్మం ముందుకే వచ్చింది. రష్యన్, ప్రష్యన్ సైన్యాలు రాన్స్‌లోకి దిగాయి. మార్చి 13న నెపోలియన్ పోరాడి ఊరిని తిరిగి పట్టుకున్నాడు, కొద్దిరోజుల్లోనే మళ్లీ పోగొట్టుకున్నాడు. చేతులు మారిన ప్రతిసారీ ఊళ్లో నేలమాళిగలకు ముప్పే. 1811 సరుకు ఉన్న చోట దారికి గోడ కట్టించిందామె. సైనికులు దొరికినవి తాగారు. షాంపేన్ రుచి వాళ్ల నాలుకకు అంటింది. ఇళ్లకు వెళ్లాక అదే కావాలంటారన్న సంగతి ఆమెకు తట్టకుండా ఉంటుందా?

ఏప్రిల్‌లో నెపోలియన్ గద్దె దిగాడు. శాంతి ఒప్పందాలు ఇంకా పూర్తి కాలేదు. రష్యాలో నిషేధం ఇంకా ఎత్తేయలేదు. వ్యాపారులంతా ఒక పద్ధతి ప్రకారం నడిచేవారు: రేవులు తెరవాలి, నిషేధం పోవాలి, ఎండలు తగ్గాలి, అప్పుడు సరుకు ఎక్కించాలి. ఎండాకాలంలో షాంపేన్‌ను ఓడ ఎక్కించడం అంటే పేలుడు సామాను ఎక్కించినట్టే. పద్ధతిగా చూస్తే ఆగడమే సరైన పని. కానీ అందరూ ఆగి ఒకేసారి బయల్దేరితే ఝాఁ రెమీ మొయెట్ లాంటి పెద్ద వ్యాపారుల ముందు ఈమె సరుకును ఎవరు చూస్తారు?

ఆమె గుట్టుగా ఒక డచ్ ఓడను బాడుగకు మాట్లాడింది. దాని పేరుకు ఆరుగురు అన్నదమ్ములు అని అర్థం. జూన్‌లో రువాన్ రేవు నుంచి 10,550 సీసాలతో ఓడ కదిలింది. సరుకుకు తోడుగా లూయీ బోన్ ఎక్కాడు. వెళ్లవలసింది ప్రష్యా రేవు కోనిగ్స్‌బర్గ్‌కు. రష్యా నిషేధం తొలగిన మరుక్షణం సరిహద్దు దాటించవచ్చని లెక్క.

ఇక ఆమె చేయడానికేమీ లేదు. ఉత్తరం వచ్చేదాకా ఎదురుచూడటమే. ఆమ్‌స్టర్‌డామ్ సీసాలు ఎనిమిదేళ్లయినా ఆమె మరిచిపోయి ఉండదు. అప్పుడైతే ఫుర్నోతో పంచుకున్న నష్టం. ఇప్పుడు పోతే తన ఒక్కదాని పేరు మీదే, మామగారు రెండోసారి ఇచ్చిన డబ్బుతో సహా.

జులై మొదట్లో ఓడ కోనిగ్స్‌బర్గ్ చేరింది. బోన్ పెట్టెలు విప్పించాడు. సీసాలు పగల్లేదు. వెలుతురులో పట్టి చూస్తే మసక లేదు, నీళ్లలా తేటగా ఉంది. తన చేతి మీదుగా ఎన్నో ఏళ్లుగా అమ్మిన మనిషే ఇంత బలమైన నురగ, ఇంత నాణ్యం చూడలేదన్నంత ఉబ్బిపోయాడు. అతను గుమ్మం గుమ్మం తిరిగి అమ్మనక్కర లేకపోయింది. కొనేవాళ్లే అతని బసకు వచ్చి నాకంటే నాకని పోటీపడ్డారు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు 12,780 సీసాలతో రెండో ఓడ వెళ్లింది. మిగతా వ్యాపారులు సరుకు సర్దుకునే లోపు రష్యాలో క్లికో పేరు నాటుకుపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు రష్యన్ కవి పుష్కిన్ తన యెవ్గెనీ ఒనెగిన్ కావ్యంలో వితంతువు క్లికో పేరు రాశాడు.

కష్టం తీరిపోయిందా అంటే లేదు, రూపం మార్చుకుంది. ఇన్నాళ్లూ సరుకు ఉండి ఆర్డర్లు లేవు, ఇప్పుడు ఆర్డర్లు ఉండి సరుకు తయారు కావడం లేదు. ఆ మడ్డి తీయడం దగ్గరే అంతా ఆగిపోతోంది. ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి వంచితే మడ్డి పోతుంది గానీ నురగా పోతుంది. ఒక్కొక్క సీసాను తంటాలుపడి తేర్చాలంటే నెలలు. ఇంతకన్నా త్వరగా కాదని పనివాళ్లు చెప్పేశారు.

వంటింటి బల్లకు ఆమె వరుసగా రంధ్రాలు వేయించిందని కథగా చెబుతారు. సీసాలను తలకిందులుగా, ఏటవాలుగా మెడలదాకా వాటిలో దోపించింది. రోజూ ఒకసారి ప్రతి సీసాను పట్టుకుని కొద్దిగా తిప్పి, చిన్నగా అదిలించి, మళ్లీ దోపాలి. మరునాడు ఇంకాస్త తిప్పాలి, ఇంకాస్త నిటారు చేయాలి. గాజు పక్కలను పట్టుకున్న మడ్డి రోజు రోజుకూ కిందికి జారి మెడలోకి, మెడలోంచి బిరడా మీదికి చేరుతుంది. 1816లో నేలమాళిగ పనికి పెద్ద అయిన ఆంత్వాన్ ద ముల్లర్‌తో కలిసి ఆ పద్ధతిని కుదిర్చింది. ఎన్నో ఏళ్లపాటు ఆ రహస్యం పోటీదారులకు పొక్కలేదు.

కొన్ని వారాలు తిప్పాక బల్లలోంచి సీసాను అలాగే తలకిందులుగా పైకి తీస్తారు. బిరడా లాగగానే లోపలి ఒత్తిడికి మడ్డి ఒక్క ఉదుటున బయటికి చిమ్ముతుంది. వెంటనే బొటనవేలు అడ్డం పెట్టి సీసాను నిలబెడతారు. పోయిన కాస్త చోటులో తీపి పోసి కొత్త బిరడా బిగిస్తారు. తర్వాత కొవ్వొత్తి వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తారు, వేళ్లు అవతల నుంచి తేటగా కనబడుతున్నాయా లేదా అని.