భండారు అచ్చమాంబ: ప్రవాసజీవనము, స్త్రీచరిత్ర రచన

తెలుగు కథానిక చరిత్రలో భండారు అచ్చమాంబ పేరు తఱచుగా ఒక్క వాదమునకే పరిమితమగుచున్నది. 1902 లో ‘హిందూసుందరి’లో వెలువడిన ‘ధనత్రయోదశి’ తొలి తెలుగు కథానికయా, లేక ఆ గౌరవము 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’నకే చెందునా అన్నదే ఆ వాదము. అది అవసరమైన చర్చయే. కాని కాలనిర్ణయముతోనే ఆమెను విడిచినచో, తెలుగుదేశమునకు దూరముగా నివసించిన యొక గృహిణి స్త్రీల చరిత్రను వ్రాయుటకు ఎట్లు పూనుకొన్నదను ముఖ్యప్రశ్న మఱుగున పడును. ఆ ప్రశ్ననే మేమిచ్చట పరిశీలింపదలచితిమి.

అచ్చమాంబ 1874 లో నాటి కృష్ణాజిల్లా నందిగామలో జన్మించెను. తండ్రి కొమఱ్ఱాజు వేంకటప్పయ్య, తల్లి గంగమాంబ. బాల్యముననే తండ్రి గతించెను. బాల్యముననే వివాహమును జరిగెను. పాఠశాల చదువు ఆమెకు దక్కలేదు. భర్త మాధవరావు ఉద్యోగము మధ్యపరగణాలలో నుండుటచే ఆమె కాపురము నాగపురము, బిలాసపురము ప్రాంతములలో సాగెను. తమ్ముడు లక్ష్మణరావు అక్కగారింట నుండి చదువుకొనుచుండగా, అతని చెంత ఆమె తెలుగు, హిందీ నేర్చెను. పిమ్మట మరాఠీ మొదలగు భాషలను అభ్యసించెను.

నాందేడు సరిహద్దున నున్న నిజామాబాదు జిల్లాలో, ఆర్మూరు పసుపు సాంగ్లీ విపణి వఱకు పోవుట ఎఱిగిన వారికి తెలుగు మరాఠీల పొత్తు వింత గాదు. అయితే బేరమునకు చాలు భాష వేఱు, చరిత్రరచనకు ఆధారమగు భాష వేఱు. మరాఠీనాట తారాబాయి శిందే ‘స్త్రీ పురుష తులనా’ 1882 లోనే వెలువడినది. 1889 లో పండిత రమాబాయి బొంబాయిలో శారదాసదనమును స్థాపించినది. స్త్రీలే స్త్రీల పక్షమున కలము పట్టిన ఆ వాతావరణమునకు అచ్చమాంబ నివాసము చేరువ. తెలుగున 1883 లో ‘సతీహితబోధిని’ని స్థాపించిన వీరేశలింగము పంతులుగారు స్త్రీలకొఱకు వ్రాసిరి, అచ్చమాంబ స్త్రీగా వ్రాసెను. ఈ భేదము గమనింపదగినది.

1901 లో వెలువడిన ‘అబలాసచ్చరిత్రరత్నమాల’ ప్రథమభాగము దీనికి ప్రధాన నిదర్శనము. స్త్రీలు అబలలనియు, బుద్ధిహీనలనియు, విద్య వారిని చెఱచుననియు పలుకువారికి చరిత్రమూలముననే సమాధానము చెప్పుట ఆమె సంకల్పము. కేవలము నీతిబోధ చేయక, జీవితములను సాక్ష్యములుగా నిలుపుట ఆ రచనలోని పద్ధతి. పాతివ్రత్యాది సంప్రదాయగుణములను ఆమె త్యజింపలేదు. వానిని అంగీకరించుచునే, విద్యకు అవి అడ్డు గావని నిరూపింపజూచెను. ‘ధనత్రయోదశి’లోను ఇదియే ధోరణి. బొంబాయి నగరమున పేదఱికముచే తప్పుదారి పట్టబోయిన భర్తను నిలువరించునది ఇల్లాలి వివేకమే.

రచన యొక్కటియే చాలదని ఆమె యెఱుగును. 1902 లో మచిలీపట్టణమున ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి ‘బృందావన స్త్రీసమాజము’ నెలకొల్పెను. మఱుసటి యేట ఆంధ్రప్రాంతమున పర్యటించి పలుచోట్ల స్త్రీసమాజముల స్థాపనకు తోడ్పడెను. కన్నబిడ్డలను కోల్పోయిన ఆమె అనాథబాలలను తన యింట చేర్చి చదివించెను. 1905 జనవరి 18 న, ముప్పదియొక్క యేండ్లైనను నిండకమునుపే, పరమపదించెను.

ఆమె సోదరుడు 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనలోను, 1906 లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపనలోను ప్రముఖులు. కావుననే ఆమెను ‘లక్ష్మణరావుగారి అక్కగారు’ అని పరిచయము చేయుట వాడుకయైనది. కాని మండలి పుట్టుటకు అయిదేండ్ల పూర్వమే ఆమె చరిత్రగ్రంథము అచ్చయినదను సంగతి మఱువరాదు. ‘హిందూసుందరి’, ‘తెలుగు జనానా’ సంచికలను సమకాలిక మరాఠీ, హిందీ రచనలతో సరిపోల్చి చదువుట నేటి పరిశోధకుల కర్తవ్యము. అట్లు చదివిననాడే అచ్చమాంబ స్థానము ఒక కథ తేదీపైగాక, ఆమె చేసిన పనిపై నిలుచునని మా అభిప్రాయము.