సాజ్‌కు కరెంటు తగిలాక

తూర్పు టర్కీలోని కార్స్, ఎర్జురుం ప్రాంతాల్లో ఆషిక్‌లనే జానపద గాయకులు పోటీకి కూర్చున్నప్పుడు ఒక్కోసారి పెదవుల మధ్య నిలువుగా సూది పెట్టుకుంటారు. ప, బ, మ లాంటి అక్షరం ఒక్కటి దొర్లినా సూది గుచ్చుకుంటుంది. ఆ అక్షరాలను తప్పించుకుంటూనే ఆశువుగా పద్యం అల్లాలి, చేతిలోని సాజ్ అనే తీగవాద్యం మీద వరస పలికించాలి, ఎదుటివాడికి జవాబు చెప్పాలి. నిరోష్ఠ్య కావ్యాలు, అవధానాలు ఎరిగిన తెలుగువారికి ఇందులోని కష్టం విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇస్తాంబుల్ బృందాలు జానపదానికి ఎలక్ట్రానిక్ యంత్రాలు జోడించి, అప్పటికప్పుడు అల్లుకుంటూ రికార్డు చేస్తుంటే అదేదో కొత్త ఫ్యాషన్ అనుకునేవారున్నారు. యంత్రాలు కొత్తవి కావచ్చు గానీ ఆశువు పాతదే. దాన్ని కొంతకాలం పక్కకు నెట్టింది రేడియో.

1940ల్లో అంకారా రేడియోలో ముజఫ్ఫర్ సారిసోజెన్ ‘యుర్తాన్ సెస్లెర్’ బృందాన్ని నడిపారు. ఊరూరా తిరిగి వేల పాటలు సేకరించిన మనిషి ఆయన. ఆ శ్రమే లేకపోతే ఎన్నో పాటలు పాడేవాళ్లతోపాటే పోయేవి. కానీ బృందంలో సాజ్‌లన్నీ ఒక్కలాగే మోగాలి కదా, అందుకని ప్రతి పాటకూ స్వరలిపి ఖాయమైంది. ఊళ్లో పూటకో తీరుగా సాగే పాట రేడియోలో ఒక్క రూపానికి కట్టుబడిపోయింది.

1965లో హుర్రియత్ పత్రిక ‘ఆల్తిన్ మిక్రోఫోన్’ పోటీ పెట్టింది. వాద్యాలు పాశ్చాత్యమైనా ఫర్వాలేదు, పాట మాత్రం టర్కిష్‌లో ఉండాలి. గిటార్లు పట్టిన కుర్రకారు పాటల కోసం పల్లెల వైపు చూశారు. సాజ్‌కు పికప్ బిగించి ఆంప్లిఫయర్‌కు కలిపిన తొలివారిలో ఎర్కిన్ కొరాయ్ ఒకరు. 1974లో ఆయన తెచ్చిన ఆల్బమ్ పేరే ‘ఎలక్ట్రోనిక్ తుర్కులెర్’, అంటే ఎలక్ట్రానిక్ జానపదాలు. ఆ ఊపును 1980 సైనిక తిరుగుబాటు దెబ్బతీసింది. గాయని సెల్దా బాజాన్ జైలుకెళ్లింది. జర్మనీలో ఉన్న జెమ్ కరజా పౌరసత్వం రద్దయింది.

యంత్రంతో అసలు పేచీ స్వరం దగ్గర వస్తుంది. కీబోర్డులో స్థాయికి పన్నెండు మెట్లే. సాజ్ మెడ మీద సాధారణంగా పదిహేడు ఉంటాయి. అవి లోహపు మెట్లు కావు, నైలాన్ దారంతో కట్టినవి, వేలితో అటూ ఇటూ జరపవచ్చు. కీబోర్డు మెట్ల సందుల్లో పడే స్వరాలు అక్కడ పలుకుతాయి, పాటలోని దుఃఖం చాలావరకు వాటిలోనే ఉంటుంది. సింథసైజర్‌ను మామూలు శ్రుతిలోనే ఉంచి సాజ్‌ను దానికి లొంగదీసిన పాటలు చప్పగా తేలాయి. యంత్రాన్ని తాళానికీ ప్రతిధ్వనికీ పరిమితం చేసి, స్వరాన్ని సాజ్‌కు వదిలేసినవారే గెలిచారు.

1996లో మొదలైన బాబా జూలా బృందం పట్టుకున్నది ఈ దారినే. మురాత్ ఎర్తెల్ చేతిలో ఎలక్ట్రిక్ సాజ్, లెవెంత్ అక్మన్ దగ్గర చెక్క చెంచాలూ డ్రమ్ మెషీనూ. 2000ల మొదట్లో వీళ్లు లండన్ డబ్ నిపుణుడు మ్యాడ్ ప్రొఫెసర్‌తో మిక్సింగ్ చేయించుకున్నారు. జమైకాలో పుట్టిన డబ్‌లో మిక్సింగ్ బల్ల కూడా వాద్యమే. గొంతును హఠాత్తుగా తీసేయడం, డప్పును ప్రతిధ్వనిలో ముంచడం, అంతా ఆ క్షణంలో తోచినట్టే. ఆషిక్ వారసులకు ఇంతకంటే దగ్గరి చుట్టం దొరకదు.

2020లో వచ్చిన ‘హైవాన్ గిబి’ ఆల్బమ్‌ను వీళ్లు నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో నేరుగా డిస్క్ మీదికే ఎక్కించారు. ఈ పద్ధతిలో టేపు ఉండదు, ఎడిటింగ్ ఉండదు. స్టూడియోలో వాయిస్తున్నది వాయిస్తున్నట్టే లక్క పూత డిస్క్‌పై గాడిగా చెక్కుకుపోతుంది. ఒక వైపు ఇరవై నిమిషాల చిల్లర పడుతుంది. చివరి నిమిషంలో ఎవరి చేయి తడబడినా కొత్త డిస్క్ పెట్టి మొదటినుంచీ వాయించాల్సిందే. ఎలక్ట్రానిక్ సంగీతమంటే తప్పులు దిద్దుకునే సౌకర్యమని అనుకునేవారు, ముందు కొరాయ్ 1974 ఆల్బమ్, ఆ వెంటనే ఇదీ మధ్యలో ఆపకుండా వినండి.