వాహనం అడుగు తుప్పుకు నూనె పూత

ఉప్పాడ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో చేపలు తరలించే వ్యాన్లకు ఉప్పుగాలితో పాటు పెట్టెల నుంచి కారే ఉప్పునీరూ శత్రువే. గట్టిపడే తారు పూత పగిలితే చీలికలో తేమ నిలిచి ఛాసిస్‌ను లోలోపలే తినేస్తుంది. నూనె ఆధారిత పూత గట్టిపడదు. అతుకుల్లోకి పాకి తేమను అడ్డుకుంటుంది. అయితే క్రమంగా కొట్టుకుపోతుంది కనుక ఏటా వానలకు ముందే మళ్లీ వేయించాలి.

అడుగుభాగాన్ని మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరాకే పిచికారీ చేయాలి. బ్రేకులపై నూనె పడితే పట్టు తప్పుతుంది. వేడెక్కే సైలెన్సర్‌పైనా పడరాదు. తలుపుల కింద నీరుపోయే రంధ్రాలు మూసుకుపోరాదు.

చౌకగా వస్తుందని కొందరు వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూయిస్తుంటారు. అందులో ఆమ్లాలు, లోహపు రజను ఉంటాయి. కారితే నేల, నీరు కలుషితమవుతాయి. అది పొదుపు అనిపించుకోదు. పొరలుగా ఊడుతున్న ఛాసిస్‌కు మాత్రం ముందు మరమ్మతు, ఆ తరువాతే పూత.