భేదిమందుగా దిగిన పూలతీగ

వేసవిలో జపాన్ ఇళ్ళ ముందు కర్రలకు అల్లుకునే అసగావో తీగ ఆ దేశానికి అందం కోసం రాలేదు. నారా రాజధానిగా ఉన్న ఎనిమిదో శతాబ్దంలో చైనా నుంచి మందుగింజగా దిగింది. ఆ నల్లని గింజ గట్టి భేదిమందు. ఆయుర్వేదంలో కృష్ణబీజమనీ, యునానీలో కాలాదానా అనీ పిలిచేది దీన్నే. వృక్షశాస్త్రంలో పేరు ఐపోమియా నిల్. పిల్లలున్న ఇంట్లో ఈ గింజల పొట్లాం అందని చోట పెట్టాలి.

తర్వాతి శతాబ్దాల్లో ఈ పువ్వు సాహిత్యంలోకీ తేనీటి గదిలోకీ మెల్లగా చేరింది. పదకొండో శతాబ్దపు ‘గెంజి కథ’లో ఇరవయ్యో అధ్యాయానికి దీని పేరే పెట్టారు. పదహారో శతాబ్దంలో తేనీటి గురువు సెన్ నో రిక్యూ, పాలకుడు హిదెయోషి తన పూలు చూడ్డానికి వస్తున్నాడని తెలిసి తోటంతా కోయించేసి, లోపల గదిలో ఒక్క పువ్వే ఉంచాడని ఐతిహ్యం. అప్పటికింకా ఇది సాదా గరాటు పువ్వే.

తీగ తలరాత మార్చింది ఒక అగ్నిప్రమాదం. 1806లో ఎదో నగరం, అంటే నేటి టోక్యో, చాలాభాగం కాలిపోయింది. షితాయా వైపు ఖాళీ పడ్డ నేలల్లో తోటమాలులు ఈ తీగలు వేశారు. జీతం చాలని కిందిస్థాయి సమురాయ్‌లూ దిగారు. వింత మొక్కల పిచ్చి ఊరంతా పాకింది. రేకులు చీలికలైన పూలు, కుచ్చుల్లా వేలాడే పూలు, పువ్వని పోల్చుకోలేని పూలు, సూదుల్లాంటి ఆకులు పుట్టుకొచ్చాయి. 1850లలో రెండో ఊపు వచ్చింది. 1854లో ముప్పయ్యారు వింత పూల బొమ్మలతో ఒక పుస్తకం వెలువడింది. జపాన్‌లో పేరున్న ముప్పయ్యారుగురు మహాకవుల జాబితాకు అదొక కొంటె అనుకరణ.

నా దృష్టిలో వింత పూలకన్నా గొప్ప సంగతి వాటిని నిలబెట్టిన తీరు. అందమైన ముద్దపువ్వులో కేసరాలే రేకులుగా మారిపోతాయి కాబట్టి అది విత్తు కట్టదు. చూసి మురిసిపోవడమే, మరుసటేడు ఉండదు. అందుకని ఆ పెంపకందార్లు దాని తోబుట్టువుల్ని, అంటే అదే కాయలోంచి మొలిచి మామూలుగా పూసిన మొక్కల్ని దాచుకున్నారు. వాటి గింజలు మళ్ళీ వేస్తే కొన్నిటి సంతానంలో నాలుగింట ఒకటి ముద్దపువ్వవుతుంది. రెండు వింతలు ఒకే మొక్కలో కావాలంటే పదహారింట ఒకటి. బీజదళాల ఆకారం చూసే ఏది ఉంచాలో ఏది పీకాలో తేల్చుకునేవారు. వారసత్వ సూత్రాలు కనిపెట్టిన మెండెల్ తన బఠాణీ లెక్కలు చదివి వినిపించింది 1865లో. వీళ్ళకు సూత్రం తెలియదు, చెయ్యి తిరిగిందంతే. శాస్త్రచరిత్రలో వీళ్ళకు పీట వెయ్యకపోవడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

ఆ తర్వాత మెయిజీ చక్రవర్తి కాలంలో మోజు పెద్ద పూల మీదికి మళ్ళింది. టోక్యోలోని ఇరియాలో తోటలు పోయి, ఆగిపోయిన అసగావో సంత 1948లో మళ్ళీ మొదలైంది. ఇప్పటికీ జూలై 6 నుంచి 8 దాకా జరుగుతుంది. ఒకటో తరగతి పిల్లలు బళ్ళో తలా ఒక కుండీ పెంచుతారు. పాత వింత రకాలు చాలామటుకు క్యూషూ విశ్వవిద్యాలయం విత్తుల భాండాగారంలో ఉన్నాయి.

వింతల గుట్టు 1994లో బయటపడడం మొదలైంది. జన్యువుల మధ్య చోటు మార్చుకుంటూ తిరిగే ఒక డీఎన్ఏ ముక్క ఎక్కడ దూరితే అక్కడ పని చెడగొడుతోంది. పూర్తి జన్యుక్రమం 2016లో అచ్చయింది. ఈ తీగలో చిక్కని పసుపు పువ్వు లేని లోటును 2014లో స్నాప్‌డ్రాగన్ పూమొక్క జన్యువులు చేర్చి తీర్చారు.

పెంచడం కష్టమేమీ కాదు. గింజ పెంకు గట్టిది. మొలక వచ్చే వైపు వదిలేసి వీపు మీద కాస్త గీకి, రాత్రంతా నానబెట్టి, సెంటీమీటరు లోతున నాటాలి. ఇరవై, ఇరవై అయిదు డిగ్రీల వేడి దానికి హాయి. కుండీలో మూడు కర్రలు పాతి, తీగను చుట్టూ తిప్పాలి. ఏడెనిమిది ఆకులు రాగానే కొన తుంచితే పక్క కొమ్మలు వస్తాయి.

పూత రావడానికి చీకటే కీలకం. వయొలెట్ అనే రకం పదహారు గంటల ఒక్క రాత్రి దొరికితే చాలు, బీజదళాల వయసులోనే మొగ్గకు సిద్ధమవుతుంది. అందుకే పూల కాలాన్ని శోధించేవారికి ఇది దశాబ్దాలుగా ఇష్టమైన మొక్క. మొగ్గ విచ్చేదీ చీకటి పడ్డాక దాదాపు పది గంటలకు. రాత్రంతా వీధిదీపం వెలుగు పడే బాల్కనీలో తీగ ఎంత ఏపుగా పాకినా పూత వెనకబడుతుంది. అలాంటప్పుడు ఎరువు పెంచకుండా కుండీ జరిపి చూడండి.